ఎండలు ముదరకముందు, పిల్లతో కలిసి బయట ఏం మొదలుపెట్టాలి?

హన్మకొండ నుంచి:
అందరికీ నమస్తే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతే, ఆ తర్వాత ఉగాది దాటిన కొన్నాళ్ల వరకే మనకు బయట తిరిగే వాతావరణం. ఈసారి ఆ రోజులను ఫోన్‌కు వదిలేయొద్దని నేను, ఐదో తరగతి చదివే మా అమ్మాయి గట్టిగా అనుకున్నాం. మా ఆయనకు ఆదివారం మాత్రమే వీలు. సైకిలా, మేడ మీద కూరగాయలా, పక్షులు చూడటమా? ఖర్చు తక్కువలో, పిల్లకు విసుగు రానిది చెప్పండి.

కాజీపేట సైకిల్:
అక్కా, సైకిల్ మంచిదే, కానీ చిన్నపిల్లతో హైవే ఎక్కొద్దు, పొద్దున్నే లారీలు మస్తు తిరుగుతాయి. ముందు కాలనీ రోడ్లలో అలవాటు చేసి, హెల్మెట్ పెట్టించండి. రామప్ప దాకా తొక్కడం పెద్దవాళ్ల పని.

చెరువుగట్టు:
నేనైతే పక్షులే అంటాను, ఎందుకంటే సరిగ్గా ఈ రెండు నెలల్లోనే చూడాల్సినవి ఎక్కువ. మోదుగ చెట్టు ఆకులు రాల్చి ఎర్రగా పూసిందంటే దాని కింద అరగంట నిలబడండి చాలు, గోరింకలు, తేనెపిట్టలు ఆ తేనె కోసం వస్తూనే ఉంటాయి. మగ తేనెపిట్ట చలికాలం మొదట్లో మాసిన పసుపు రంగులో ఉండి ఇప్పటికి నిగనిగలాడే నీలి నలుపుకు మారుతుంది, అదే పిట్ట అంటే పిల్లలు నమ్మరు! పాలపిట్టను మనం దసరాకే వెతుకుతాం గానీ అది గాల్లో పైకి లేచి పల్టీలు కొట్టేది ఈ కాలంలోనే. చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చిన బాతులు కూడా ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్లిపోతాయి, కాబట్టి ఆలస్యం చేయొద్దు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద మొదలుపెట్టండి, తర్వాత ఒక ఆదివారం ముగ్గురూ నర్సంపేట దాటి పాకాల వెళ్లండి, కాకతీయులు కట్టిన చెరువు, చుట్టూ అడవి. బైనాక్యులర్ తర్వాత కొనొచ్చు, కొంటే 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం 42 మి.మీ.) తీసుకోండి. మెర్లిన్ అనే ఉచిత యాప్ కూత విని పేరు చెబుతుంది, అయితే కంటితో చూశాకే నోట్‌బుక్‌లో రాయించండి.

మేడతోట, గిర్మాజీపేట:
పక్షులకు పొద్దున, మొక్కలకు సాయంత్రం, రెండూ కుదురుతాయి అక్కా. ఇప్పుడు బెండ, గోరుచిక్కుడు, బీర, సొర గింజలు పెట్టొచ్చు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మేడ మీదికి పురుగులు సరిగా రాకపోతే పిందెలు పసుపెక్కి రాలిపోతాయి, అప్పుడు మగపువ్వు తెంపి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. ఈ పని మీ అమ్మాయికే అప్పగించండి, తను చేసిన పువ్వు కాయగా మారుతుంటే రోజూ తనే మేడెక్కి చూసుకుంటుంది. ఏప్రిల్‌లో మొక్కలకు నీడ కోసం గ్రీన్ నెట్ తప్పనిసరి.

హన్మకొండ నుంచి:
చాలా థాంక్స్. ఈ ఆదివారం వడ్డేపల్లి కట్టకు వెళ్తున్నాం, బీర గింజలు కూడా తెస్తాను. పొద్దున ఎన్నింటికి ఉండాలి అక్కడ?

చెరువుగట్టు:
వెలుగు వచ్చేసరికి, అంటే ఆరున్నరకల్లా ఉండండి. ఎనిమిది దాటితే పక్షుల సందడి తగ్గిపోతుంది. కొట్టొచ్చినట్టు కనపడని రంగు బట్టలు వేసుకోండి, నీళ్ల సీసా మరిచిపోవద్దు.