విదేశీ మిషన్ సేవకు వెళ్లే ముందే అక్కడివారి మీద ప్రేమ ఉండాలా?

ప్రశ్న: సీతమ్మధార నర్సు

అందరికీ వందనాలు. నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆఫ్రికాలోని మలావీ దేశంలో అక్కడి సంఘం నడిపే ఆసుపత్రికి రెండేళ్ల సేవకు వెళ్తారా అని మా మిషన్ కమిటీవారు నన్ను అడిగారు. ఇంట్లో అమ్మా నాన్నా ఒప్పుకున్నారు. నన్ను వెనక్కి లాగుతున్నది వేరొకటి. వీడ్కోలు కూడికల్లో సాక్ష్యం చెప్పేవారందరూ ఆ ప్రజల కోసం దేవుడు తమకు ముందుగానే భారం, అంటే వారి పట్ల ప్రేమతో కూడిన తపన, ఇచ్చాడని చెబుతారు. నాకు అటువంటిదేమీ కలగలేదు. ఒడిశా నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కూలీలు మా వార్డులో చేరితే వేళకు మందు ఇస్తాను, కట్టు మారుస్తాను, కానీ అంతకుమించి వారితో కూర్చుని మాట్లాడాలని తోచదు. ఇక్కడ లేని ప్రేమ సముద్రం దాటితే పుడుతుందా, లేక అది లేనివారు వెళ్లకపోవడమే మేలా?

జవాబు: గాజువాక నుంచి, మలావీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి వచ్చినవారు

సహోదరీ, భారం గురించిన సాక్ష్యాలు చాలావరకు తిరిగి వచ్చిన తరువాత కూర్చుకున్నవేనని నా అభిప్రాయం. బయలుదేరినప్పుడు నాలో ఉన్నది కుతూహలం, కొంత భయం, అంతే.

అక్కడ ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు ‘ములి బ్వాంజి’ అని క్షేమం అడిగి, వారు తిరిగి మన క్షేమం అడిగేదాకా ఆగాలి. నమూనా సీసా చేతిలో పట్టుకుని నేరుగా పనిలోకి దిగేవాడిని మర్యాద తెలియనివాడిగా చూస్తారు. ఇక భోజనం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొక్కజొన్న పిండిని మన సంగటిలా గట్టిగా కెలికి చేసే న్సిమాను ఆకుకూరతోనో చిక్కుళ్లతోనో చేత్తో తింటారు. తినే ముందు అతిథి చేతుల మీద నీళ్లు పోస్తారు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలు కురుస్తాయి, కొత్త పంట ఇంకా ఇంటికి చేరని జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో చాలా ఇళ్లలో నిలవ ధాన్యం అడుగంటుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మా ఆసుపత్రి ఆయాగారు నన్ను ఇంటికి పిలిచి పళ్లెం ముందు కూర్చోబెట్టారు. వద్దంటే ఆమెకు అవమానం, తింటే పిల్లల వాటా తిన్నట్టు. తిన్నాను. సేవ చేయడానికి వచ్చిన నేను ఆ ఇంటికి రుణపడ్డాను, ఆ రుణం తీర్చే దారి కూడా నాకు కనబడలేదు. నాకు ప్రేమ అనేది మొదలైందంటే అక్కడి నుంచే, నేను ఇచ్చిన దానివల్ల మాత్రం కాదు.

జవాబు: భీమిలి నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, పై సోదరుని మాటకు మన ఊరి చరిత్రలోనే ఆధారముంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ మొదట ఇక్కడివారి దగ్గర తెలుగు నేర్చుకునే విద్యార్థులయ్యారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తల అనువాదం సాగింది. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించగా, మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మన సంఘాల్లో ఆ ఇద్దరి పేర్లు చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు గానీ ఆనందరాయరు పేరెత్తేవారు అరుదు, అది నాకెప్పుడూ వెలితిగానే తోస్తుంది.

రెండో సంగతి. తిరునెల్వేలి ప్రాంతం నుంచి మన తెలుగువారి మధ్యకు, దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి 1912లో బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల త్యాగాలను ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆస్తినీ ప్రాణాన్నీ ఇచ్చినవారు కూడా సమానుడిగా పక్కన కూర్చోలేకపోవచ్చునని ఆయనకు అనుభవం మీద తెలుసు. లూకా సువార్త 10వ అధ్యాయంలో కూడా ప్రభువు డెబ్బదిమంది శిష్యులను సంచీ, చెప్పులు లేకుండా పంపి, ఎదుటివారు పెట్టింది తినమన్నాడు. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుని కథ వచ్చేది అదే అధ్యాయంలో. అందులో ప్రేమ చూపిన వాడే పరాయివాడు.

జవాబు: పాత పోస్టాఫీసు ప్రాంతవాసి

నేను క్రైస్తవుడిని కాను, మిషన్ బడిలో చదువుకున్నాను, ఆ ఉపాధ్యాయుల పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఒక మాట అడగాలి. మీరు ప్రార్థన చేస్తానంటే రోగి వద్దన్నాడనుకుందాం, మరుసటి రోజు అతని మంచం దగ్గర మీరు నిలబడే తీరు మారుతుందా? మతం మారతాడన్న ఆశతో చూపే ఆదరణను ఎదుటివాడు ఇట్టే పసిగడతాడు. మంచం మీద పడి ఉన్నవాడు కాదనలేడు గనుక ఈ జాగ్రత్త నర్సుకు మరీ అవసరం.

సీతమ్మధార నర్సు:

పెద్దలందరికీ కృతజ్ఞతలు. చివరి ప్రశ్న నన్ను బాగా తాకింది. నెలనెలా పంపాల్సిన నివేదికలో ఎంతమందికి సువార్త చెప్పారన్న గడి కూడా ఉంటుందని కమిటీవారు అన్నారు. దాని గురించి ఏమనాలో తెలియడం లేదు.

గాజువాక నుంచి:

ఆ గడి తీసేయమని అడగండి. రోగులను లెక్కపెట్టే నివేదిక మీ చూపును కూడా లెక్కల వైపే తిప్పుతుంది. వార్డులో మీరు ఎవరి కింద పనిచేస్తారు, అక్కడి మేట్రన్ కిందా, ఇక్కడి కమిటీ కిందా అన్నది కూడా తేల్చుకోండి. అక్కడి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, పని అనుమతి ఎవరు చూస్తారో, డ్యూటీ ఇచ్చే ముందు అక్కడివారు మాట్లాడే చిచేవా భాష నేర్చుకోవడానికి సమయం ఇస్తారో లేదో, మీ రాకవల్ల అక్కడి నర్సు ఎవరైనా ఉద్యోగం కోల్పోతున్నారేమో రాతపూర్వకంగా అడగండి. ఈలోగా మీ వార్డులో ఒడియా వచ్చిన సిబ్బంది ఉంటే వారి దగ్గర నాలుగు మాటలు నేర్చుకోండి, తప్పులు దిద్దే పని ఆ కూలీలకే వదిలేయండి. ఇవన్నీ టికెట్లు కొనకముందే జరగాలి, తరువాత అడిగితే కమిటీవారు మొహమాటపెట్టి పంపించేస్తారు.