లంబసింగి చలి కొలవడానికి థర్మామీటర్ ఎక్కడ పెట్టాలి?

లంబసింగిలో డిసెంబరు, జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రతలు రోజూ రాసిపెట్టాలి. రెండు డిజిటల్ థర్మామీటర్లున్నాయి, వేర్వేరు చోట్ల పెడితే వేర్వేరుగా చూపిస్తున్నాయి. దంచిన ఐసులో కొద్దిగా నీళ్లు పోసి సెన్సర్లు పది నిమిషాలు ముంచితే ఒకటి 0.2, ఇంకొకటి 0.4 చూపించాయి. కాబట్టి తేడా పరికరాల్లో లేదు, పెట్టిన చోటులోనే ఉంది. చూరు కింద 7 డిగ్రీలున్నప్పుడు ఆరుబయట గడ్డి మీద 3 ఉంటోంది. మబ్బు లేక, గాలి ఆడని రాత్రి గడ్డి తన వేడిని ఆకాశంలోకి వదిలేసి ముందే చల్లబడుతుంది. గోడేమో పగటి వేడిని తెల్లవార్లూ వదులుతూనే ఉంటుంది. (వార్తల్లో వచ్చే 'సున్నా డిగ్రీలు' గడ్డి మీద లెక్కో, గాలి లెక్కో ఎవరూ చెప్పరు!)

నేలకు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన గాలాడే చెక్కపెట్టె, తలుపు ఉత్తరానికి: ఇంతవరకు తెలుసు. తెలియనివి రెండు. పొగమంచుకు తడిసిన సెన్సర్, మంచు విడిపోయాక తడి ఆరేటప్పుడు అసలుకన్నా తక్కువ చూపిస్తోంది. బోర్లించిన తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు సెన్సర్ చుట్టూ ఒకదానిపై ఒకటి సందు వదిలి పేరిస్తే ఆ తడి ఆగుతుందా? ఎన్ని కావాలి, సందు ఎంత? రెండోది, చల్లగాలి పల్లంలోకి జారి నిలుస్తుంది కదా, ఊరి లెక్కకు పెట్టె పల్లంలో పెట్టాలా, మెట్ట మీదా? ఏజెన్సీలో కొలిచిన అనుభవమున్నవారు చెప్పగలరు.