బెంచ్‌మార్క్ స్కోరు కొలిచేది ప్రాసెసర్‌నా, ఆపరేటింగ్ సిస్టమ్‌నా?

చర్చకు పెట్టిన వాదన:

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండింటినీ పెట్టి ప్రాసెసర్ వేగాన్ని స్కోరుగా చూపే గీక్‌బెంచ్ అనే పరీక్షా ప్రోగ్రామ్‌ను నడిపాను. స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి వేగమంతా ప్రాసెసర్‌దేననీ, ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద మనం చేసే వాదోపవాదాలకు ఆధారం లేదనీ నా అభిప్రాయం.

మొదటి జవాబు:

మీ కొలతను తప్పుపట్టను. దాని నుంచి మీరు తీసిన నిర్ధారణతోనే నాకు పేచీ. ఆ పరీక్షలో అధిక భాగం లెక్కలే కావడంతో, కావలసిన మెమరీ దొరికాక ప్రోగ్రామ్‌కు కెర్నల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగంతో) పెద్దగా పని పడదు. పనే చెప్పకుండా ఆపరేటింగ్ సిస్టమ్ పనితనాన్ని తేల్చలేం కదా! అదే కంప్యూటర్‌లో వేలాది చిన్న ఫైళ్లున్న జిప్ ఒకటి విప్పి చూడండి. ప్రతి ఫైలునూ తెరవడానికి, రాయడానికి, మూయడానికి కెర్నల్‌కు విడివిడిగా పిలుపులు వెళ్తాయి. ఫైల్ సిస్టమ్ ఆ ఫైలు వివరాలను నమోదు చేసుకుంటుంది. యాంటీవైరస్ ఉంటే అది కూడా ఆ ఫైలును తనిఖీ చేస్తుంది. ప్రాసెసర్ మారకపోయినా ఇక్కడ సమయం మారుతుంది.

2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం బయటపడ్డాక, కెర్నల్ పేజీ పట్టికలను (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే జాబితాలను) ప్రోగ్రామ్‌ల పట్టికల నుంచి వేరుచేసే ప్యాచ్‌లు, అంటే సవరణలు, వచ్చి, కెర్నల్‌లోకి వెళ్ళిరావడం భారమైంది. లెక్కల పరీక్షల స్కోర్లు పెద్దగా తగ్గలేదు గానీ, డిస్క్, నెట్‌వర్క్ పనులు ఎక్కువగా ఉన్న సర్వర్లు నెమ్మదించాయి. 2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో కొన్ని రైజెన్ ప్రాసెసర్లలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) ఆలస్యం సుమారు మూడు రెట్లయిందని వాటి తయారీదారు ఏఎమ్‌డీ స్వయంగా ఒప్పుకొంది. అప్పుడు స్కోరు మాత్రమే చూసినవారు తప్పు చిప్‌దే అనుకొని ఉంటారు.

రెండో జవాబు:

హార్డ్‌వేర్ సంగతైనా ఒక్క అంకెతో తేలుతుందని నేను అనుకోను. జపాన్ సూపర్ కంప్యూటర్ ఫుగాకు లిన్‌ప్యాక్ పరీక్షలో 442 పెటాఫ్లాప్స్ (ఒక్కో పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు) సాధించి, మెమరీ వేగం మీద ఆధారపడే హెచ్‌పీసీజీ పరీక్షలో సుమారు 16 దగ్గర ఆగింది. యంత్రం అదే; మొదటి పరీక్ష గణన యూనిట్లను పరీక్షిస్తే, రెండోది వాటికి డేటా ఎంత త్వరగా అందుతుందో పరీక్షించింది.

వాదన పెట్టినవారి సమాధానం:

ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. అయితే మిగతావన్నీ స్థిరంగా ఉంచి ఒక్కటే మార్చినప్పుడు, స్కోరులోని తేడా ఆ ఒక్కదాని గురించి నిజమే చెబుతుందన్న మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతాను. జిప్ పరీక్షను యాంటీవైరస్ ఆపి ఒకసారి, ఆపకుండా ఒకసారి చేసి, కెర్నల్ వెర్షన్, ఫైల్ సిస్టమ్ పేర్లతో సహా ఫలితాలను ఇక్కడే పెడతాను.