పాత మెరుపు టైల్స్ గచ్చుకి పెయింట్ వేస్తే నిలుస్తుందా? (బెంగళూరు, గ్రౌండ్ ఫ్లోర్)

గోధుమరంగు_గచ్చు:

జయనగర్ వైపు 2002లో కట్టిన సొంతిల్లు, గ్రౌండ్ ఫ్లోర్. హాలు 12×10 అడుగులు, వంటిల్లు 10×8. రెంటిలోనూ ముదురు గోధుమరంగు మీద లేత చారలున్న అడుగు టైల్స్, మెరిసే సిరామిక్ రకం. ఒక్కటీ పగల్లేదు. కానీ ఆ రంగుకి మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాల్సి వస్తోంది.

పగలగొట్టించి కొత్తవి వేయిస్తే దుమ్ము, చెత్త మోత, పైగా వంటిల్లు రెండు వారాలు మూత. అందుకే పెయింట్ ఆలోచన. హార్డ్‌వేర్ షాపులో ఒకాయన ఎనామిల్ రెండు కోటింగులు చాలన్నాడు, ఇంకొకాయన ఎపాక్సీ అన్నాడు, మేస్త్రీ అసలు వద్దే వద్దన్నాడు.

ఏ రకం పెయింట్ తీసుకోవాలి, ఎంత పడుతుంది, గదులు ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచాలి? ఇంకో సంగతి, వంటింటి సింకు గోడ వారగా టైల్స్ సందుల్లో తెల్లటి పొడి పేరుకుంటోంది. తుడిస్తే పోతుంది, వారంలో మళ్ళీ వస్తుంది. బోరు నీళ్ళ ఉప్పేనా? బాత్రూమ్ కూడా కలిపి చేసెయ్యొచ్చా?

పొరలెక్క:

బాత్రూమ్ సంగతి ముందు తేల్చేద్దాం: వద్దు. నీళ్ళు నిలిచే చోట, రోజూ వేణ్ణీళ్ళు పడే చోట గచ్చు మీద ఏ పెయింటూ ఎక్కువ కాలం ఉండదు, పైగా జారుతుంది.

ఎనామిల్ కూడా వద్దండీ. టైల్ పైన ఉన్నది గాజు పొర, అది దేన్నీ పీల్చుకోదు. ఎనామిల్ దాని మీద పొరలా పరుచుకుంటుందే తప్ప పట్టుకోదు. సందుల్లోని సిమెంటు క్షారం, దానికి చెమ్మ తోడైతే ఎనామిల్‌లోని నూనె సబ్బులా మారిపోతుంది. కుర్చీ రెండుసార్లు జరిపితే పెచ్చులు లేస్తాయి. హాలుకి సరైన వరస: రెండు భాగాల (రెజిన్, హార్డెనర్ వేరువేరు డబ్బాల్లో వస్తాయి, వేసే ముందు కలపాలి) ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటింగు, రెండు భాగాల ఎపాక్సీ ఫ్లోర్ కోటింగు రెండు, కిటికీ ఎండ పడే చోటుంటే పైన అలిఫాటిక్ పీయూ (పాలీయురెథేన్ పూత) ఒకటి. ఎండకి ఎపాక్సీ పసుపు తిరుగుతుంది, పీయూ తిరగదు. ప్రైమర్ డబ్బా మీద "గ్లేజ్డ్ టైల్" అని రాసి ఉందో లేదో చూసి కొనండి. కాంక్రీటు కోసం చేసిన ప్రైమర్ నేలలోకి ఇంకి పట్టుకునే రకం, ఇక్కడ ఇంకడానికి చోటే లేదు.

ఇందులో పనంతా పెయింట్‌కి ముందే ఉంటుంది. ముందు జిడ్డు. ఐదు లీటర్ల వేణ్ణీళ్ళలో 100 గ్రాముల చాకలి సోడా కలిపి, గట్టి బ్రష్‌తో సందులతో సహా రుద్ది, మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి. ఫినాయిల్, ఫ్లోర్ క్లీనర్, పాలిష్ ఏళ్ళ తరబడి పొరగా ఉండిపోతాయి, ఆ పొర మీద గరుకు కాగితం రుద్దితే జిడ్డుని టైల్‌లోకే నూరినట్టు అవుతుంది. అందుకే కడగడం ముందు, రుద్దడం తర్వాత. బాత్రూమ్ యాసిడ్ మాత్రం పొయ్యకండి. అది గాజు పొరని ఏమీ చెయ్యదు, సందుల్లోని సిమెంటుని తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణాంతకం.

తర్వాత మెరుపు చంపాలి. ఆర్బిటల్ సాండర్ (గరుకు కాగితంతో రుద్దే మెషీన్)తో 80 నంబరు కాగితం, ఆ తర్వాత 120. మెషీన్ లేకపోతే తడి చేసి వాటర్ పేపర్‌తో చేత్తో రుద్దొచ్చు, కాకపోతే 200 చదరపు అడుగులకి నడుం పడిపోతుంది. దుమ్ములో సిలికా ఉంటుంది కాబట్టి ఎన్95 మాస్క్ తప్పనిసరి. అయిందనుకున్నాక లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని నేల మీద పడుకోబెట్టి చూడండి. పాలిపోయిన గచ్చు మీద ఇంకా నిగనిగలాడే మచ్చలు కనిపిస్తాయి, దాదాపు అన్నీ టైల్ అంచుల్లోనే. ఈ రకం టైల్స్ అంచులు కాస్త కిందికి వంగి ఉంటాయి, సాండర్ పలక అక్కడికి ఆనదు. రేపు పెచ్చులూడటం మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడి నుంచే. కాగితం మడిచి వేలితో ఒక్కో అంచూ రుద్దాలి. విసుగు పుట్టించే పని, కానీ మిగతాది ఎంత బాగా చేసినా దీన్ని వదిలేస్తే వృథా.

తాపీ_చెమ్మ:

పైన చెప్పిన వరస బాగుంది. కానీ గ్రౌండ్ ఫ్లోర్, పైగా తెల్లపొడి అన్నారు కాబట్టి ఒక్క డబ్బా కూడా కొనకముందు రెండు పరీక్షలు చేసుకోండి.

బోరు నీళ్ళ ఉప్పు అయితే గచ్చు మీద పొరగా, మచ్చలుగా గట్టిగా అంటుకుని ఉంటుంది, పొడిగుడ్డకి రాదు. మీరు చెప్పింది సందుల్లోంచి పొడిగా పూస్తోంది, గోడ వారనే ఉంది, తుడిస్తే మళ్ళీ వస్తోంది. అంటే కింద నుంచి చెమ్మ పైకొస్తూ సిమెంటులోని లవణాన్ని మోసుకొస్తోంది. దాని మీద పెయింట్ వేస్తే ఆ చెమ్మ బయటికి పోలేక పొక్కులు లేస్తాయి. అప్పుడు తప్పంతా పెయింట్ మీదికి పోతుంది.

మొదటి పరీక్ష: రెండడుగుల చదరం పారదర్శక ప్లాస్టిక్ షీటు తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించండి. షీటు ఒకే టైల్ మీద కాకుండా నాలుగు టైల్స్ కలిసే చోట రావాలి. గాజు పొరలోంచి చెమ్మ రాదు, సందుల్లోంచే వస్తుంది. కాంక్రీటుకి 16 గంటలు చాలంటారు, టైల్స్‌కి 48 గంటలు ఉంచండి. షీటు లోపల నీటి చుక్కలు పడితే కింద చెమ్మ ఉన్నట్టే. హాల్లో రెండు చోట్ల, వంటింట్లో సింకు దగ్గర ఒకటి, స్టవ్ వైపు ఒకటి.

రెండోది చప్పుడు. స్క్రూడ్రైవర్ పిడితో ప్రతి టైల్‌నీ నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. గట్టిగా అతుక్కున్నది టక్‌మంటుంది, డొల్లది డబ్‌మంటుంది. డొల్ల టైల్ అడుగు వేసినప్పుడల్లా వెంట్రుకవాసి కదులుతుంది, చుట్టూ ఉన్న సందు చిట్లుతుంది, పెయింట్ ఆ గీత వెంబడే చీలుతుంది. వాటిని తీసి మళ్ళీ అతికించాకే రంగు.

పొరలెక్క:

చెమ్మ పరీక్ష నేనే ముందు చెప్పాల్సింది, మంచి మాట అన్నారు. పరిమాణం లెక్క ఇదిగో.

డబ్బా మీద కవరేజ్ అని ఉండే అంకె నున్నటి పలక మీద వచ్చే లెక్క. మీరే వేసుకోవచ్చు: ఘనపదార్థం (పెయింట్ ఎండాక మిగిలే భాగం) శాతాన్ని 10తో గుణించి, ఎండాక కావలసిన మందం ఎన్ని మైక్రాన్లో దానితో భాగిస్తే లీటరుకి ఎన్ని చదరపు మీటర్లో వస్తుంది. ఘనపదార్థం 50 శాతం, మందం 50 మైక్రాన్లు అనుకుంటే లీటరుకి 10 చదరపు మీటర్లు. ఈ శాతం ఘనపరిమాణంలో ఉన్నదే తీసుకోవాలి, బరువులో ఉన్నది కాదు, టెక్నికల్ డేటా షీట్‌లో రెండూ ఉంటాయి. మీ రెండు గదులూ కలిపి 200 చదరపు అడుగులు, అంటే 18.6 చదరపు మీటర్లు. కోటింగుకి 1.86 లీటర్లు, ట్రేలో, రోలర్‌లో, సందుల్లో పోయేదానికి 15 శాతం కలిపితే దాదాపు 2.15 లీటర్లు. రెండు కోటింగులకి 4.3. ప్రైమర్‌కి వేరే లెక్క, సూత్రం అదే.

కలిపేటప్పుడు రెండు డబ్బాలూ మొత్తం ఒకేసారి పొయ్యకండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. బకెట్‌లో ఎక్కువ మోతాదు ఉంటే ఆ వేడి బయటికి పోక ఇంకా తొందరగా గడ్డకడుతుంది. అరగంటలో వెయ్యగలిగినంతే కలిపి, వెంటనే వెడల్పాటి ట్రేలోకి ఒంపేయాలి. నీటి ఆధారిత ఎపాక్సీలో ఇంకో మెలిక ఉంది: కలిపాక వాడెయ్యాల్సిన గడువు దాటినా కొన్ని రకాలు చిక్కబడవు, చూడ్డానికి బాగానే ఉంటాయి, రోలర్‌కీ వస్తాయి, కానీ పట్టు ఉండదు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడమే మార్గం.

బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి నెలలు దీనికి హాయి. వానాకాలంలో తప్పనిసరైతే ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు వేసెయ్యండి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆపెయ్యాలి. సాయంత్రం వాన పడి చల్లబడితే హార్డెనర్‌లోని అమీన్ అనే రసాయనం తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైకి జిడ్డులా తేలుతుంది. మర్నాడు వేలితో రాస్తే మైనంలా తగులుతుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, 220 నంబరు కాగితంతో లేతగా రుద్దాకే పై కోటింగు.

రోజుల లెక్క: కడగడం, రుద్దడం రెండు రోజులు. సందులు ఆరడానికి ఇంకో రెండు. ప్రైమర్, రెండు కోటింగులు, పీయూ రోజుకొకటి. ఆఖరి కోటింగు అయ్యాక 24 గంటలకి వట్టి కాళ్ళతో నడవొచ్చు, మూడు రోజులకి సామాన్లు పెట్టొచ్చు, తడిగుడ్డ మాత్రం ఏడు రోజుల దాకా వద్దు. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే, ఊపిరికి హాని చేసే రసాయనాలు ఉంటాయి. ఎన్95 ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. ఆస్తమా ఉన్నవాళ్ళు, పిల్లలు ఆ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు. వంటింటి పక్కన సాల్వెంట్ రకం వాడితే సిలిండర్ కట్టేసి, స్టవ్ వెలిగించకుండా ఉండాలి.

గోధుమరంగు_గచ్చు:

రెండు పరీక్షలూ చేశాం. హాల్లో రెండు షీట్లూ 48 గంటల తర్వాత పొడిగానే ఉన్నాయి. వంటింట్లో స్టవ్ వైపు పొడి. సింకు వైపు మాత్రం షీటు లోపల సరిగ్గా సందుల గీత వెంబడే నీటి చుక్కలు, ప్లాస్టిక్ మీద ప్లస్ గుర్తు గీసినట్టు. హాల్లో గుమ్మం దగ్గర మూడు టైల్స్ డొల్ల.

ఇప్పుడు వంటింట్లో సింకు వైపు రెండు వరసలు వదిలేసి మిగతాది వేస్తే?

తాపీ_చెమ్మ:

చెమ్మ గీత గీసినట్టు అక్కడే ఆగదండీ, ఈసారి వానలకి ఇంకో రెండు వరసలు ముందుకొస్తుంది. ముందు కారణం పట్టుకోండి. మూడు రోజులు ఆ సింకు వాడకుండా ఉంచి, అదే చోట మళ్ళీ షీటు అంటించండి. చుక్కలు బాగా తగ్గితే సింకు గొట్టంలోనో, నేలలోకి దిగే చోటనో లీకు ఉంది, అది ప్లంబర్ పని. ఏమీ తగ్గకపోతే పంపు లైనో, గోడ పునాది చెమ్మో, అది వేరే పెద్ద పని.

హాలుకి వెళ్ళిపోండి, వంటిల్లు ఆపండి. వంటింటికి నా ఓటు పాత టైల్స్ మీదే కొత్త టైల్స్. సిమెంటు ఆధారిత అంటుకి కొద్దిపాటి చెమ్మతో పెయింట్‌కున్నంత పేచీ ఉండదు. పాలిమర్ కలిసిన టైల్ అడెసివ్ తీసుకోండి, సంచి మీద ఐఎస్ 15477 (టైల్ అడెసివ్‌లకి భారతీయ ప్రమాణం) ఉండాలి, టైల్ మీద టైల్‌కి పనికొస్తుందని కూడా రాసి ఉండాలి. అడెసివ్ 3 మిల్లీమీటర్లు, టైల్ 8 లేక 9, మొత్తం 12 దాకా గచ్చు లేస్తుంది. తలుపు అడుగు కోయించాలి, హాలుకీ వంటింటికీ మధ్య గడప రాయి పెట్టించాలి.

గోధుమరంగు_గచ్చు:

సరే, హాలు వరకే. డొల్ల టైల్స్ మూడూ అతికించాక మొదలుపెడతాం. చివరిగా ఒకటి: ఇంట్లోవాళ్ళకి ఆత్తంగుడి టైల్స్ (తమిళనాడు చెట్టినాడు వైపు చేత్తో చేసే రంగుల సిమెంటు టైల్స్) లాంటి డిజైన్ స్టెన్సిల్‌తో కావాలట. పూజ మూల కూడా హాల్లోనే ఉంది.

మైలార్_ముగ్గు:

స్టెన్సిల్ మీద ఎక్కువ పనిచేస్తాను కాబట్టి ఆ భాగం వరకు చెప్తాను. అడుగు టైల్ అంటాం గానీ అది సాధారణంగా 300 మిల్లీమీటర్లే. 12 అంగుళాల రెడీమేడ్ స్టెన్సిల్ 305 ఉంటుంది, ప్రతి టైల్ దగ్గరా 5 మిల్లీమీటర్లు సందు మీదికి ఎక్కుతుంది. మీ టైల్‌ని అంచు నుంచి అంచుకి కొలిచి ఆ కొలతకే మైలార్ (పలచటి ప్లాస్టిక్) షీటు కోయించండి. మొదటి టైల్ గోడ దగ్గర కాదు, గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనిపించే మధ్య వరస నుంచి మొదలుపెట్టాలి. గోడల దగ్గర టైల్స్ కోసినవి ఉంటాయి, తేడా అక్కడికి తోసేస్తే ఎవరి కంటా పడదు.

ఫోమ్ రోలర్‌ని రంగులో ముంచి, పాత న్యూస్‌పేపర్ మీద దాదాపు పొడిగా అయ్యేదాకా దొర్లించి, అప్పుడు స్టెన్సిల్ మీదికి రావాలి. రంగు ఎక్కువుంటే అంచుల కిందికి పారి పువ్వు రేకు కాస్తా బురద మరక అవుతుంది. నాలుగైదు టైల్స్‌కొకసారి షీటు వెనక్కి తిప్పి తుడవండి. డిజైన్ ఆరాక పైన పీయూ తప్పదు, మీ హాల్లో ఎండ పడకపోయినా సరే.

పూజ మూలలో పసుపు మరక లేత రంగు గచ్చు మీద పడితే పట్టుకుంటుంది. ఎండ తగిలితే వెలుస్తుంది గానీ ఆ మూలకి ఎండ రాదు కదా, అక్కడ ఒక పీట వెయ్యండి. బియ్యప్పిండి ముగ్గు పర్వాలేదు. రాతి ముగ్గుపిండి కాళ్ళ కింద నలిగి గీతలు పెడుతుంది. రబ్బరు అడుగున్న డోర్‌మ్యాట్లు కూడా తీసెయ్యండి, రబ్బరులోని నూనెలు పెయింట్‌ని మెత్తబరిచి పసుపు గళ్ళ అచ్చు వదిలేస్తాయి. గ్యాస్ బండ హాల్లోంచి వంటింట్లోకి దొర్లించుకుంటూ తీసుకెళ్ళే అలవాటుంటే నాలుగు చక్రాల ట్రాలీ కొనేసుకోండి, నిండు బండ ముప్పై కిలోలుంటుంది, దాని అడుగు రింగుకి ఏ ఎపాక్సీ ఆగదు.