టీవీ చరిత్రకు టేపు సాక్ష్యమా, మనిషి మాటా?

పాతరీలు:
అమెరికాలో టెలివిజన్ అకాడమీ ఫౌండేషన్ వాళ్ళు 1997 నుంచి టీవీలో పనిచేసినవాళ్ళ ఇంటర్వ్యూలు గంటల కొద్దీ రికార్డు చేసి దాస్తున్నారు. మంచి పనే. దాన్ని చరిత్ర అంటేనే నాకు పేచీ. యాభై ఏళ్ళ తర్వాత ఎవరిని కదిపినా "ఆ ఐడియా నాదే" అంటారు. ఆ డబ్బేదో పాడైపోతున్న టేపులను డిజిటల్ చేయడానికి పెట్టొచ్చు కదా?

నల్లతెర:
టేపులేవండీ? 1956లో ఆంపెక్స్ కంపెనీ వీడియోటేపు వచ్చింది. రెండంగుళాల వెడల్పు, ఖరీదు ఎక్కువ. అందుకని ప్రసారం అయిపోగానే దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవారు. బీబీసీ అయితే తన పేరున్న సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ' ఎపిసోడ్లనే చెరిపేసింది. అమెరికాలో డ్యూమాంట్ అనే టీవీ నెట్‌వర్క్ కథ ఇంకా ఘోరం. అది 1956లో మూతపడింది. దాని రికార్డింగులు ఏమయ్యాయో 1996లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విచారణలో నటి ఈడీ ఆడమ్స్ చెప్పారు. 1970ల మొదట్లో ఒక లాయరు వాటిని మూడు పెద్ద ట్రక్కులకెత్తించి, బార్జి మీద తీసుకెళ్ళి న్యూయార్క్ అఖాతంలో పారబోయించాడట. ఆవిడ నోరు విప్పకపోతే ఈపాటి కూడా తెలిసేది కాదు.

పాతరీలు:
"పారబోయించాడట." చివరి 'ట' మీరే పెట్టారు చూడండి. నా వాదనంతా ఆ అక్షరంలోనే ఉంది.

కత్తెర:
ఇద్దరూ పెద్ద పేర్ల చుట్టూనే తిరుగుతున్నారు. "ఐడియా ఎవరిది" అనడిగితే సొంత డబ్బా తప్ప ఏం వస్తుంది? "ఎలా చేశారు" అని అడగాలి. ఆ రెండంగుళాల టేపు మీద బొమ్మ కంటికి కనపడదు. సన్నటి ఇనుప రజను కలిపిన ద్రవం పూస్తే గీతలు తేలేవి. వాటిని మైక్రోస్కోపులో చూసుకుంటూ, సరైన గీత దగ్గర బ్లేడుతో కోసి అతికించేవారు. గీత తప్పితే తెర మీద బొమ్మ చెదిరిపోయేది. అతుకు బాగా పడితే? టేపు చూసినవాడికి అక్కడ ఒక పని జరిగిందనే తెలియదు. అది ఆ ఎడిటరే చేతులాడిస్తూ చెప్పాలి. ఇందులో అబద్ధమాడితే వాళ్ళకొచ్చేదేముంది?

పాతరీలు:
పనితనం వరకు సరే, ఒప్పుకుంటా. తేదీలు, ఒప్పందాలు, క్రెడిట్లు (ఎవరేం చేశారని తెర మీద వేసే పేర్లు) మాత్రం కాగితంతో సరిచూడాల్సిందే. అసలు 'డాక్టర్ హూ'నే తీసుకోండి. పోయిన ఎపిసోడ్లన్నిటికీ కనీసం శబ్దమైనా మిగిలిందంటే అది ఎవరి జ్ఞాపకాల వల్లా కాదు. అప్పట్లో ఇంట్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకున్న అభిమానుల పుణ్యం.

కత్తెర:
క్రెడిట్లా! 1950లలో కమ్యూనిస్టులన్న అనుమానంతో పని ఇవ్వకుండా బ్లాక్‌లిస్టులో పెట్టిన రచయితలు సీబీఎస్ ఛానెల్ కార్యక్రమం 'యు ఆర్ దేర్'కి వేరేవాళ్ళ పేర్లతో రాశారు. వాల్టర్ బెర్న్‌స్టీన్ వాళ్ళలో ఒకరు. మీ కాగితం ప్రకారం ఆయన ఆ ఛాయలకే వెళ్ళలేదు.

పాతరీలు:
ఇది నాకు తట్టలేదు, నిజమే. కానీ డ్యూమాంట్ 'ట' అలాగే ఉంది. నల్లతెర గారూ, రెండో సాక్షి ఎవరైనా ఉంటే చెప్పండి.