కోచింగ్ ఫీజా, ఆరు నెలల తీరికా: చేతిలో ఉన్న కొద్ది డబ్బు దేనికి పెట్టాలి?

చిత్తుపుస్తకం:

మా చెల్లెలు మరో ఆరు నెలల్లో ఒక ప్రవేశ పరీక్ష రాయబోతోంది. రోజుకు ఆరు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు ఒక చిన్న కార్యాలయంలో లెక్కలు రాసే పని చేస్తూ, మిగిలిన వేళల్లో సొంతంగా చదువుకుంటోంది. ఇంటి ఖర్చు కొంత ఆమె జీతం మీదే నడుస్తుంది. మేమిద్దరం కూడబెట్టిన సొమ్ము ఆమె ఆరు నెలల జీతంతో సమానం. మంచి పేరున్న కోచింగ్ కేంద్రంలో సాయంత్రం బ్యాచ్ ఫీజు కూడా దాదాపు అంతే అయింది. అంటే ఆమె ఉద్యోగం మానేసి ఇంట్లో చదువుకోవచ్చు, లేదా ఉద్యోగం చేస్తూనే కోచింగ్‌కు వెళ్లవచ్చు. రెండూ ఒకేసారి కుదరవు. అప్పు చేయకూడదని ముందే నిర్ణయించుకున్నాం కనుక ఆ సలహా మాత్రం ఇవ్వవద్దని మనవి. ఉన్న సొమ్మును పాఠాలకు పెట్టాలా, సమయానికి పెట్టాలా అన్నదే నా ప్రశ్న.

గంటలలెక్క:

సందేహం లేకుండా సమయానికే పెట్టండి. వారానికి 36 గంటల ఉద్యోగం మానేస్తే 26 వారాల్లో 936 గంటలు చేతికి వస్తాయి. సాయంత్రం బ్యాచ్ రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు అనుకున్నా అదే వ్యవధిలో దక్కేది 390 గంటల తరగతి, రానూపోనూ ప్రయాణం వేరు. పైగా ఆ 390 గంటలు ఎక్కడి నుంచో ఊడిపడవు, ఆమె ఇప్పుడు సొంతంగా లెక్కలు చేసుకుంటున్న వేళల్లోంచే పోతాయి. డబ్బు కట్టి మరీ సాధన తగ్గించుకోవడం ఏ లెక్కన లాభమో నాకు అర్థం కాదు.

పాఠం వినడం వేరు, విన్నదాన్ని జ్ఞాపకంలోంచి తీసి కాగితం మీద పెట్టడం వేరు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు; మరికొందరు ఒక్క విడతే చదివి, తర్వాతి మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే నాలుగు విడతలు చదివినవారే ముందున్నారు. వారం గడిచాక మాత్రం వారికి 40 శాతం గుర్తుండగా, రాసి చూసుకున్నవారికి 61 శాతం గుర్తుంది. తరగతి నుంచి బయటికి వస్తున్నప్పుడు అంతా అర్థమైపోయినట్టు కలిగే తృప్తి ఆ మొదటి ఐదు నిమిషాలది. పరీక్ష అప్పుడు పెట్టరు.

ఇక పాఠాల మాటకు వస్తే, ఈ రోజుల్లో వాటికి కరువు లేదు. అమెరికాలో కళాశాల ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షను నిర్వహించే కాలేజ్ బోర్డే 2015లో, ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీతో కలిసి ఉచిత సాధన సామగ్రిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఉచితంగా దొరికేదాన్ని కొనుక్కుని, దొరకనిదాన్ని అమ్ముకోవడం ఎందుకు?

రెండోబెంచీ:

936 గంటల లెక్క కాగితం మీద ముచ్చటగా ఉంది. నేను సరిగ్గా అలాంటి ఏడాదిని ఇంట్లో గడిపాను కనుక అందులో ఎన్ని గంటలు నిజంగా చదువుకు దక్కుతాయో చెప్పగలను. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషికి అందరూ పని చెబుతారు. అది ఒక ఎత్తయితే, మనకు మనమే చేసుకునే మోసం మరో ఎత్తు. నాకు ఇష్టమైన రసాయన శాస్త్రాన్ని ఆ ఏడాది మూడుసార్లు పూర్తి చేశాను. భయపడే సంభావ్యత అధ్యాయం జోలికి పరీక్షకు పది రోజుల ముందు వెళ్లాను. వరుస లెక్కలోకి వచ్చే చోట ప్రస్తారం (పర్మ్యుటేషన్), రాని చోట సంయోగం (కాంబినేషన్) వాడాలన్న చిన్న భేదం తలకెక్కకుండానే లెక్కలు చేసుకుంటూ పోయి, జవాబులు కలవనప్పుడల్లా పుస్తకం వెనకాల అచ్చుతప్పు ఉందని నిర్ధారించుకున్నాను. ఆ పుస్తకం మీద నాకున్న అనుమానంలో పదో వంతు నా మీద ఉన్నా ఏడాది మిగిలేది.

మరుసటి ఏడాది కోచింగ్‌లో చేరిన మొదటి వారంలోనే ఒక ఉపాధ్యాయుడు నా నోట్సు తిరగేసి ఆ పొరపాటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించారు. నేను ఫీజు కట్టింది ఆ వేలికే అని ఇప్పటికీ అనుకుంటాను. వీడియోలో చెప్పే మనిషికి మన నోట్సు కనిపించదు కదా.

కోచింగ్ వల్ల ఒరిగేదేమీ లేదనుకునేవారు ఒక సంగతి గమనించాలి. దక్షిణ కొరియా ప్రభుత్వం 1980లో ప్రైవేటు ట్యూషన్లను నిషేధించింది. నిషేధం ఉన్నా అవి రహస్యంగా సాగాయి, చివరికి 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. చట్టాన్ని కూడా లెక్కచేయకుండా తల్లిదండ్రులు డబ్బు పెట్టారంటే దానిలో ఏదో ప్రయోజనం ఉండే ఉంటుంది.

నిలకడ:

ఉద్యోగం మానేయమని చెప్పడం తేలిక. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మానేసిన ఉద్యోగం ఆరు నెలల తర్వాత తిరిగి దొరుకుతుందా? జీతం లేని సెలవు ఇస్తారేమో అడిగారా? దరఖాస్తు రుసుములు, పరీక్షా కేంద్రానికి ప్రయాణం, ఫలితం వచ్చాక కౌన్సెలింగ్ ఖర్చులు మీ సొమ్ములోంచి విడిగా తీసిపెట్టారా? ఇవి తేలకుండా రెండింటిలో ఏది మేలన్న చర్చకు అర్థం లేదు.

గంటలలెక్క:

నిలకడ గారి మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. ముఖ్యంగా రుసుముల సంగతి నేను విస్మరించాను. రెండోబెంచీ గారి వాదనతో మాత్రం ఏకీభవించలేను. నలుగురూ కొంటున్నారంటే అది భయం వల్ల కావచ్చు. పక్కింటి పిల్లవాడు వెళుతుంటే మన పిల్లను ఇంట్లో ఉంచడానికి ఏ తల్లికి ధైర్యం చాలుతుంది? కోచింగ్ ప్రకటనల్లో ర్యాంకులు వచ్చినవారి ఫోటోలు ఉంటాయి, ఎంతమంది చేరారన్న అంకె ఉండదు. ప్రవేశానికే పరీక్ష పెట్టి చురుకైనవారిని ఏరుకున్న చోట, ఆ ర్యాంకుల్లో ఎంత భాగం బోధనది, ఎంత భాగం ఏరుకోవడానిది అన్నది బయటివారికి తెలియదు.

శాట్ కోచింగ్ మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను డెరెక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు 2009లో సమీక్షించి, పఠనం, గణితం భాగాలకు కలిపి 1600 పాయింట్లుండగా కోచింగ్ వల్ల పెరిగేది సగటున సుమారు 30 అని తేల్చారు. ప్రకటనలు చూసి మనం ఊహించుకునేది ఇంత తక్కువ కాదు కదా?

రెండోబెంచీ:

30 పాయింట్లు తక్కువని ఎవరన్నారు? సీట్లు వందల్లో, అభ్యర్థులు లక్షల్లో ఉండే పరీక్షలో కటాఫ్ దగ్గర ఒక్క ప్రశ్న తేడాకు వేలమంది ర్యాంకులు మారిపోతాయి. పైగా శాట్ వంటి పరీక్షకూ, రెండేళ్ల సిలబస్ మొత్తాన్ని లోతుగా అడిగే పరీక్షకూ కోచింగ్ ఒకే విధంగా పనిచేస్తుందని మీరెలా అనుకుంటున్నారు? ఏరుకోవడం గురించి మీరు చెప్పింది మాత్రం ఒప్పుకుంటాను. నాకు దొరికిన ఉపాధ్యాయుడు అందరికీ దొరకడు. ఆ బ్యాచ్‌లో వెనక వరుసల్లో కూర్చున్నవారి నోట్సు ఆయన ఎన్నడూ చూడలేదు.

కొలబద్ద:

నేను కొన్నేళ్లపాటు ఒక కోచింగ్ కేంద్రంలో భౌతిక శాస్త్రం చెప్పి మానేశాను. కనుక అమ్మేవారి వైపు నుంచి ఒక మాట. కోచింగ్ పేరుతో మేము నాలుగు సరుకులను ఒకే మూటగా కట్టి ఇచ్చేవాళ్లం: పాఠం, రోజువారీ క్రమం, వరుసగా మాక్ టెస్టులు, తప్పులు దిద్దడం. మొదటిది ఇప్పుడు ఉచితం. మూడోది పాత ప్రశ్నపత్రాలతో చాలావరకు తీరుతుంది. విడిగా కొనుక్కున్నా టెస్ట్ సిరీస్ ఖరీదు పూర్తి ఫీజులో చిన్న భాగమే. రెండోది కొందరికి అవసరం, కొందరికి కాదు. నాలుగోదే నిజంగా విలువైనది, రెండోబెంచీ గారు వేలు అన్నది దాన్నే. పెద్ద బ్యాచ్‌లలో అన్నిటికన్నా తక్కువగా అందేదీ అదే. చిత్తుపుస్తకం గారు మూట కొనాలా వద్దా అని అడుగుతున్నారు గానీ, వారి చెల్లెలికి ఆ నాలుగింటిలో ఏది లోటో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

అది చూడటానికి పైసా ఖర్చు లేదు. పరీక్ష నిర్వహించే సంస్థ విడుదల చేసిన పాత ప్రశ్నపత్రాలు మూడు తీసుకుని, అసలు పరీక్ష ఏ వేళకు మొదలవుతుందో అదే వేళకు, మధ్యలో లేవకుండా, మూడు వేర్వేరు రోజుల్లో రాయించండి. తర్వాత పోయిన ప్రతి ప్రశ్నను మూడు కుప్పల్లో ఒకదానిలో వేయండి. విషయమే తెలియక పోయినవి మొదటి కుప్ప, తీరిగ్గా కూర్చుంటే చేయగలిగి కూడా సమయం చాలక పోయినవి రెండోది, తెలిసి పొరబడినవి మూడోది. కుప్పలు వేయడం ఆమె ఒక్కరే చేయకూడదు. మనిషి తన తప్పును ఎప్పుడూ మూడో కుప్పలోనే వేసుకుంటాడు. "తెలుసు గానీ పొరపాటు పడ్డాను" అన్న ప్రతిసారీ అలాంటిదే మరో లెక్క ఇచ్చి అక్కడికక్కడ చేయించి చూడండి. మొదటి కుప్ప పెద్దదైతే బోధన కొనాలి. రెండోది పెద్దదైతే సాధనకు సమయం కొనాలి. మూడోది పెద్దదైతే దేనికీ డబ్బు అక్కర్లేదు, అలవాటు మార్చుకుంటే చాలు.

మార్కుల కోత నిబంధన కూడా చూడండి. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి సరైనదై, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత ఉంటే, గుడ్డిగా గీసినా సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే. రెండు ఐచ్ఛికాలు కచ్చితంగా తప్పని తెలిస్తే సగటు లాభం ఒకటిన్నర మార్కు. అదే కోత సరైన జవాబు మార్కుల్లో మూడో వంతు ఉన్న పరీక్షలో గుడ్డి ఊహకు సగటున సున్నా మిగులుతుంది. శాట్ 2016లో కోతను పూర్తిగా ఎత్తివేసింది, అక్కడ ఖాళీ వదలడం తెలివితక్కువ. ఒక్కో పరీక్షకు ఒక్కో నీతి. మా కేంద్రంలో దీన్ని ప్రత్యేక తరగతిగా చెప్పేవాళ్లం. సూచనల పుస్తకం మొదటి పేజీలో ఉచితంగా ఉన్న సంగతే అది.

చిత్తుపుస్తకం:

కొలబద్ద గారు చెప్పినట్టే చేసి పది రోజుల తర్వాత రాస్తున్నాను. మూడు పత్రాల్లో, పత్రానికి 90 చొప్పున 270 ప్రశ్నల్లో 129 సరైనవి, 141 పోయాయి. మొదటి కుప్పలో 48, రెండోదానిలో 62, మూడోదానిలో 31 పడ్డాయి. మొదట్లో ఆమె తనంతట తాను వేసిన లెక్క వేరు: మూడో కుప్పలో 70 దాకా ఉన్నాయి! పక్కన కూర్చుని మరో లెక్క ఇచ్చి చేయిస్తే సగానికి పైగా చోటు మారాయి. ఆ రెండు రోజులూ ఇంట్లో మాటలు కొంచెం తగ్గాయి.

మేము ఊహించనిది మొదటి కుప్పలో బయటపడింది. 48లో 29 ప్రశ్నలు భ్రమణ చలనం, విద్యుదయస్కాంత ప్రేరణ అనే రెండు అధ్యాయాలవే. మూడో కుప్పలో పెద్ద భాగం ఖాళీగా వదిలినవి. రెండు ఐచ్ఛికాలను కొట్టివేశాక కూడా కోతకు భయపడి వదిలేసింది.

నిలకడ గారి మాట మీద కార్యాలయంలో అడిగితే సెలవుకు ఒప్పుకోలేదు గానీ సగం జీతానికి పూటపనికి ఒప్పుకున్నారు. కనుక ఆరు నెలలకూ పూటపని చేస్తే మా సొమ్ములో సగం జీతం లోటుకు పోతుంది. మిగిలిన సగంలో రుసుములు, ప్రయాణాలు తీసిపెట్టి, ఒక టెస్ట్ సిరీస్ కొని, ఆ రెండు అధ్యాయాలకు మాత్రం ఎదురుగా కూర్చుని నోట్సు చూసే ఉపాధ్యాయుడి దగ్గర కొన్ని గంటలు చెప్పించుకోవాలని అనుకుంటున్నాం.

గంటలలెక్క:

నేను అడిగిన 936 గంటల్లో 468 దక్కాయి. అభ్యంతరం లేదు.

రెండోబెంచీ:

నాకూ పెద్దగా లేదు, ఒక షరతు తప్ప. మూడో నెల చివర కొత్తగా మూడు పత్రాలు తీసుకుని ఇదే లెక్క మళ్లీ వేయండి. అప్పటికీ మొదటి కుప్ప తరగకపోతే పూటపనికి దాచిన మూడు నెలల లోటు సొమ్మును ఒక చిన్న బ్యాచ్ ఫీజుకు మళ్లించడానికి వెనుకాడవద్దు. పరీక్ష ముందర తెలిసినా చేయగలిగేది ఏమీ ఉండదు. టెస్ట్ సిరీస్ ఎంతసేపూ మార్కులే చెబుతుంది, కుప్పలు వేయదు, కనుక ప్రతి ఆదివారం గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చునే పని మీదే. ఆ మూడు గంటలూ మీ ఫోన్ కూడా పక్క గదిలో ఉండాలి.