పింటరెస్ట్ ఫొటోలా, పాత మండువా ఇళ్లా? ఇంటి డిజైన్‌కి ఏది చూసి మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:
ముగ్గు పోయకముందే రెండొందల ఫొటోలు దాచుకుంటున్నారు, సగం చలిదేశాలవి. అక్కడ దక్షిణం గోడంతా అద్దం పెట్టేది శీతాకాలపు ఎండ లోపలికి రావాలని. మనవాళ్లు అదే అద్దం పడమటికి పెడుతున్నారు. సాయంత్రం నాలుగింటి ఎండ వాలుగా వస్తుంది, చూరు ఎంత లాగినా ఆగదు. ఆ టైమేదో కోనసీమలో ఒక మండువా లోగిలికి, అంటే నడిమధ్య కప్పు లేకుండా వదిలిన పాత ఇంటికి, ఇవ్వండి. చూరు ఎంత కిందికి దిగింది, వసారా వెడల్పెంత, వాన నీరు ఎటు పోతోంది, టేపు పెట్టి కొలుచుకు రండి.

జాలీగోడ:
కొలవండి, కాదనను. ఉన్నదున్నట్టు దించితేనే తంటా. 200 గజాల స్థలంలో 8×8 అడుగుల మండువా వదిలి, చుట్టూ 20 అడుగుల గోడలు లేపితే అది మండువా కాదండీ, బావి. మిట్టమధ్యాహ్నం తప్ప నేలకి ఎండ తగలదు, నాచు పడుతుంది. నీళ్ల లెక్క ఇంకా ముఖ్యం. లోపలికి వాలిన 600 చదరపు అడుగుల కప్పు మీద గంటలో 50 మి.మీ. వాన పడితే దాదాపు 2,800 లీటర్లు ఆ గుంటలోకే. తూము ఒక్కటే ఉండి, దాని మీద చదును జాలీ ఉంటే నాలుగు ఆకులు అడ్డం పడ్డా నీళ్లు హాల్లోకొస్తాయి. రెండు తూములు, గుమ్మటం లాంటి జాలీ, వసారా కన్నా కనీసం 6 అంగుళాలు పల్లంగా నేల ఉండాలి.

గోదారిగట్టు:
నేననేదీ అదేగా! ఫొటోలో తూము కనపడదు.

నర్సరీదారి:
తోట మాట ఎవరూ ఎత్తరేం? లావెండర్ వరస చూసి మోజుపడతారు, మన వానల తడికి వేరు కుళ్లుతుంది. ఫొటోలో తీసుకోవాల్సింది మొక్క పేరు కాదు, ఎత్తూ రంగూ గుబురూ. ఊదా వరసే కావాలంటే డిసెంబరాలు ఉన్నాయి, కాకపోతే పూత చలికాలంలోనే. లాన్‌కి రోజుకి 5 మి.మీ. తడి అనుకున్నా 100 చదరపు మీటర్లకి 500 లీటర్లు, బోరు సంగతి చూసుకోండి. కడియం నర్సరీలకి మే నెలలో వెళ్లండి, ఏది నీడవల లేకుండా నిలబడిందో తెలుస్తుంది. వల కింద పెరిగినదాన్ని తెచ్చి నేరుగా ఎండలో నాటితే ఆకు మాడుతుంది. పది రోజులు సగం నీడలో ఉంచాలి.

జాలీగోడ:
అయినా ఫొటోలు మానేయమనను. "సింపుల్‌గా ఉండాలి" అంటే మేస్త్రీకి ఒకటి, ఇంటివాళ్లకి ఇంకొకటి అర్థమవుతుంది. పది చాలు, ఒక్కోదాని కింద ఏం నచ్చిందో ఒక్క ముక్క రాయండి. బూడిదరంగు సిమెంటు నేల కింద "రంగు" అని రాశారనుకోండి, బూడిద ఛాయలో ఉండే తాండూరు నీలం బండతో పనైపోతుంది.